మద్దెలదే తప్పు

పగ మంచిది కాదని చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో ఎవరి చెల్లెలూ కుడిచేతికి పట్టీ చుట్టుకుని నెలల తరబడి ఇంట్లో కూర్చోలేదు. వాళ్ళ నీతి వాళ్ళ దగ్గరే భద్రంగా ఉంచుకోమంటాను.

కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ళ కోసం మౌసులు తయారుచేసే కంపెనీలో నేను నాణ్యత మేనేజర్ని. మా మౌస్ పేరు చుంచు. కంపెనీ పెట్టిన పెద్దాయన పెట్టిన పేరది. చిన్నది, తేలికైనది, వదిలేస్తే పారిపోతుందేమో అన్నట్టు ఉండేది. కొనేవాళ్ళు మొదట్లో ఆ పేరు చూసి నవ్వారు. తర్వాత ఆ పేరు చెప్పే అడిగి కొన్నారు.

పెద్దాయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. దాన్ని మేం ఇంటి నెల అనేవాళ్ళం. కొత్త మోడల్ తయారవగానే, దాని మీద పనిచేసినవాళ్ళంతా తలా ఒకటి ఇంటికి పట్టుకెళ్ళి నెల్లాళ్ళు వాడాలి. ఇంట్లో ఎవరైనా వాడొచ్చు, ఎవరైనా తిట్టొచ్చు. ఆ తిట్లు తెచ్చి వర్క్‌షాపులో తెల్లబోర్డు మీద రాయాలి. "స్టోర్ కీపర్ గారి అత్తగారు: బొటనవేలి దగ్గర గరుకు." "రంగులేసే అతని బావమరిది: చక్రం తిప్పితే పిల్లి తోక తొక్కినట్టు అరుస్తోంది." ఆ బోర్డు మీద తిట్టు మిగిలినంతకాలం మౌస్ బజారు మొహం చూసేది కాదు.

మా చెల్లి ఆటలోకి వచ్చింది ఆ ఇంటి నెల వల్లే. అప్పుడది స్కూల్లో ఉంది. నేను తెచ్చిన చుంచుతో నాలుగు రోజులు ఆడి, "అక్కా, ఈ రెండు బటన్లూ అక్కాచెల్లెళ్ళలా లేవే. సవతుల్లా ఉన్నాయి" అంది. ఎడమది ఒకలా నొక్కుకుంటోంది, కుడిది ఇంకోలా. ఉన్నదున్నట్టు బోర్డు మీద రాశాను. పెద్దాయన చదివి పగలబడి నవ్వి, ఆ తర్వాత నవ్వు ఆపేసి రెండు బటన్లూ నొక్కుతూ చాలాసేపు నిలబడిపోయాడు. ప్రతి బటన్ కిందా స్విచ్ అని చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది. నొక్కగానే టక్కుమనేది అదే. ఆ రోజు నుంచి ఒకేలా పలికే స్విచ్చుల్ని ఏరి జోడీ కట్టడం మా దగ్గర మొదలైంది. చెల్లి మాత్రం ఆడటం ఆపలేదు. ఆడీ ఆడీ జీతమిచ్చి ఆడించుకునే జట్టులోకి వెళ్ళింది. ఇది ఉద్యోగమేనా అని అమ్మ అడుగుతూనే ఉండేది, టీవీలో కూతురు కనిపించిన రోజున మాత్రం పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించేది.

తర్వాత పెద్దాయన కంపెనీ అమ్మేశాడు. "అలిసిపోయానమ్మా" అన్నాడు. అలిసిపోతే పడుకోవాలి గానీ, పెంచుకున్న దాన్ని ఎవడి చేతిలోనో పెట్టి తలుపేసుకుంటారా? ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన తల దించుకున్నాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపమే, కాకపోతే అది వేరే కోపం. సొంతవాళ్ళ మీద ఉండేది.

కొన్నది పెద్ద సంస్థ. వాళ్ళకి కుక్కర్ల కంపెనీ ఉంది, చెప్పుల కంపెనీ ఉంది, ఇప్పుడు మేం. మా నెత్తిన కూర్చోబెట్టడానికి వాళ్ళొక ఆఫీసర్ని పంపారు. మేం ఆయనకి కత్తెర అని పేరు పెట్టుకున్నాం. ఏ వస్తువు చూసినా, ఏ మనిషిని చూసినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది లేకపోతే ఏమవుతుంది?"

మొదట ఇంటి నెల పోయింది. "మౌసుల్ని ఇళ్ళకి పంపడమేంటండీ, కొత్తకోడల్ని పుట్టింటికి పంపినట్టు?" అని నవ్వాడు. తెల్లబోర్డు తీయించి, అక్కడ తన ఫొటో ఉన్న పోస్టర్ పెట్టించాడు. తర్వాత జోడీ కట్టడం పోయింది. తర్వాత మంచి స్విచ్చులే పోయి, వేలితో గట్టిగా నొక్కితే సొట్టపడే రకం వచ్చాయి. మెత్తటి వైరు పోయి, చుట్టలు చుట్టుకుని తిరగబడే మొండి వైరు వచ్చింది. పెట్టె మాత్రం పెద్దదైంది. లోపల మఖమల్ గుడ్డ, మూతకి అయస్కాంతం. పైన పటారం, లోన లొటారం.

నేను ఆయన గదికి వెళ్ళి చెప్పాను. "సార్, ఈ స్విచ్చులు కొన్ని వారాలు బాగా వాడితే చాలు, ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పోతోంది. మా టెస్టింగ్‌లో సగానికి సగం ఇలాగే అవుతున్నాయి."

"మంచిదే కదా మేడమ్" అన్నాడు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే. "పాతది పోతేనే కదా కొత్తది కొంటారు."

అలా తయారైన మౌసులే చెల్లి జట్టుకీ వెళ్ళాయి. జట్టుకి డబ్బు పెట్టేది మా కొత్త యజమానులే కాబట్టి జట్టులో అందరూ ఆ మౌసే వాడాలని ఒప్పందం. ఇంట్లో అటకమీద పాత చుంచు ఉన్నా పోటీకి తీసుకెళ్ళడానికి లేదు.

అలా ఆ మౌస్‌తోనే వెళ్ళిన ఒక పోటీ గురించి చెప్పాలి. ఆటలో ఒక డాలు ఉంటుంది. ఒకసారి నొక్కితే పైకి లేస్తుంది, ఇంకోసారి నొక్కితే దిగిపోతుంది. ఆఖరి ఘట్టంలో చెల్లి ఒక్కతే మిగిలింది. ఎదుటివాడు కత్తి ఎత్తాడు. చెల్లి డాలు ఎత్తింది. డాలు లేచింది, వెంటనే దానంతటదే దిగిపోయింది. అంతే. జట్టు ఓడిపోయింది.

చెల్లి అక్కడే, మైకులో, "మౌస్ రెండుసార్లు నొక్కింది" అని చెప్పింది. నిజం చెప్పింది. మర్నాడు కత్తెర విలేకరుల ముందు చిరునవ్వు నవ్వుతూ, "మా మౌస్ పరీక్షించాం, ఏ లోపమూ లేదు. పెద్దవాళ్ళు ఊరికే అన్నారా, ఆడలేక మద్దెల ఓడు అని? మా మద్దెల బాగానే ఉంది. ఆ అమ్మాయి చెయ్యే చూపించుకోవాలి" అన్నాడు.

ఆ మౌస్‌ని పరీక్షించాల్సింది నేను. నాకది ఇవ్వనేలేదు. అడిగితే ఎక్కడో పోయిందన్నారు.

ఇంక చూడండి. ఆటలాడేవాళ్ళలో ఆ మాట దావానలంలా పాకింది. ఎవరు ఏ ఆటలో తప్పు చేసినా "మద్దెల ఓడు!" అని అరవడం, పడీపడీ నవ్వడం. చెల్లికి మద్దెల అని పేరే పెట్టేశారు. అది వేలు కదిపిన క్షణాన్ని నిదానంగా తిప్పి చూపిస్తూ, "చూడండి, వేలు వణికింది" అని ముక్కూమొహం తెలియనివాళ్ళు వీడియోలు పెట్టారు. జట్టు దాన్ని తీసేసింది.

అదంతా ఒక ఎత్తు. ఆ మాట చెల్లే నమ్మడం ఒక్కటీ ఒక ఎత్తు. చేతికి పట్టీ చుట్టుకుని, గ్లాసు కూడా ఎడమచేత్తో పట్టుకునేది. డాక్టర్ చూసి చేతికేమీ లేదన్నాడు. వినలేదు. నేను కూర్చోబెట్టి, స్విచ్ విప్పి చూపించి, మౌస్‌దే తప్పని వివరంగా చెప్పాను.

"నువ్వు అక్కవి" అంది. "అమ్మ అమ్మ. మీరిద్దరూ ఇంకేమంటారే?"

"మరి ఎవరు చెబితే నమ్ముతావే?"

పట్టీ సర్దుకుంది. జవాబు నాకే తట్టింది. ఎవడి నోటినుంచి నింద వచ్చిందో, ఆ నోటినుంచే నిజం రావాలి. ఆ రోజు నుంచి నేను అన్నం తిన్నా, స్నానం చేసినా, ఆఫీసులో "గుడ్ మార్నింగ్ సార్" అన్నా, నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

అవకాశం ఆయనే పిలిచి ఇచ్చాడు. చుంచు కొత్త మోడల్ వస్తోంది. బంగారు రంగు, పేరు చుంచు రాజా. కత్తెర నన్ను పిలిచి తలుపు వేయించాడు.

"మేడమ్, స్టోర్‌లో ఆ పాత మంచి స్విచ్చులు ఇంకా కొన్ని ఉన్నాయి కదా? వాటితో ఒక చిన్న బ్యాచ్ చేయించండి. జోడీలూ అవీ మీ పెద్దాయన కాలంలో కట్టినట్టే కట్టండి. అడుగున ఒక పచ్చ చుక్క అంటించండి. అవి సమీక్షలు రాసేవాళ్ళకి వెళ్తాయి."

"మరి దుకాణాలకి సార్?"

"దుకాణాలకి దుకాణాల సరుకే." తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగి, "పచ్చ చుక్కది నాకూ ఒకటి పంపండి. రోజూ వాడుకుంటా. స్టేజీ మీద కూడా దాంతోనే ఆడి చూపిస్తా" అన్నాడు.

వింటున్నారా? ఆ స్విచ్చులు చెత్తవని ఆయనకి తెలుసు. నా చెల్లి చేతిదే తప్పని చెప్పిన రోజున కూడా తెలుసు. అప్పటిదాకా నాకున్నది కోపం. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి అది పగ అయింది.

"అలాగే సార్" అన్నాను. ఇంత వినయం నాకెక్కడిదని ఆయనకి అనుమానం రావాల్సింది. రాలేదు. వినయాన్ని అనుమానించే అలవాటు పెద్ద ఆఫీసర్లకి ఉండదు.

మంచి స్విచ్చులతో బ్యాచ్ చేయించాను. నేనే కూర్చుని జోడీలు కట్టాను. ఎంత ప్రేమగా కట్టానంటే, పెద్దాయన చూసుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. తర్వాత వాటిని చుక్కలేకుండా దుకాణాల సరుకులో కలిపేశాను. దుకాణాలకి పోయే సరుకులోంచి చేతికి వచ్చినవి తీసి, వాటి అడుగున పచ్చ చుక్కలు అంటించాను. స్క్రూ ముట్టుకోలేదు, వైరు తెంపలేదు. బజారులో పిల్లలు డబ్బులిచ్చి కొనుక్కునేది ఏదో, అదే సమీక్షలు రాసేవాళ్ళకీ ఆయనకీ పంపాను. మోసం చెయ్యమన్నారు, చెయ్యలేదు. అంతే నేను చేసింది.

అందులో ఒకటి కత్తెర బల్ల మీద పెట్టాను. తిరగేసి, చుక్క చూసి, తల పంకించాడు. ఇంటి నెల రద్దు చేసినాయనకి ఇంటి నెల మొదలైంది. ఆయనకి తెలియదు, నాకు తెలుసు.

ఆ వారాలు ఎంత రుచిగా గడిచాయో చెప్పలేను. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఒక ఫైలు తెరిస్తే రెండు తెరుచుకున్నాయి. ఒక రోజు పైవాళ్ళకి పంపిన ఉత్తరమే మళ్ళీ పోయింది. "ఈ దిక్కుమాలిన కంప్యూటర్!" అని కేక. కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాడు. అతను అంతా చూసి, "సార్, ఒకసారి మౌస్ మార్చి చూద్దామా?" అన్నాడు.

"మౌస్ జోలికి పోకు. అది స్పెషల్ పీస్" అన్నాడు కత్తెర.

కంప్యూటరే మార్చారు. కొత్త కంప్యూటర్‌లోనూ అదే వరస. మళ్ళీ మార్చారు. అద్దాల గది బయట నిలబడి నేను చేతిలో కాగితాలతో మొహం కప్పుకున్నాను, నవ్వు కనపడకుండా. ఒక్క క్షణం ఆ మౌస్‌ని అనుమానిస్తే బతికిపోయేవాడు. పచ్చ చుక్క మీద అంత నమ్మకం ఆయనకి. తన దొంగతనం మీద దొంగకి ఉండే నమ్మకం.

చుంచు రాజాని బయటపెట్టే రోజు వచ్చింది. పెద్ద హాలు, గోడంత తెర, ఆటలాడే పిల్లలతో కిటకిట. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. చెల్లిని రమ్మన్నాను, రానంది. ఇంట్లో టీవీలో ప్రత్యక్షంగా వస్తుంది, అదైనా చూడమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "సరేలే, అమ్మ పెడితే చూస్తా" అంది.

కత్తెర స్టేజీ ఎక్కి చాలాసేపు మాట్లాడాడు. రోజూ తన బల్ల మీద వాడే బంగారు మౌస్ ఎత్తి చూపించాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే, "అప్పట్లో ఒక అమ్మాయి మా మద్దెల ఓడు అంది, గుర్తుందా?" అన్నాడు. హాలు నవ్వింది. "ఇదిగో, అదే ఆట, అదే డాలు. నేను ఆటగాణ్ణి కూడా కాదు. నా చేత్తో చూపిస్తా చూడండి."

నేను ఆశించింది ఏ ఫైలో రెండుసార్లు తెరుచుకుని హాలు నవ్వడం వరకే. డాలు నేను అడగలేదు. ఆయనంతట ఆయనే ఎంచుకున్నాడు.

తెర మీద శత్రువు కత్తి ఎత్తాడు. కత్తెర నొక్కాడు. డాలు లేచింది. దిగింది. గోడంత తెర మీద ఆయన బొమ్మ తల ఎగిరిపోయింది.

"ఒక్క నిమిషం" అన్నాడు. మళ్ళీ నొక్కాడు. లేచింది, దిగింది. తల మళ్ళీ పోయింది. మూడోసారి నిదానంగా, వేలితో ముద్దుచేస్తున్నట్టు నొక్కాడు. లేచింది, దిగింది.

ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది. "మద్దెల ఓడు!" హాలంతా అందుకుంది. ఈలలు, బల్లలు చరచడం. "ఆడలేక! మద్దెల! ఓడు!" నెలల తరబడి మా చెల్లి చెవుల్లో పోసిన సీసం అది. ఇప్పుడు అంతా తిరిగి, అది పుట్టిన నోటిమీదకే వెళ్తోంది. నేను అరవలేదు. అరవాల్సిన అవసరం రాలేదు.

యాంకర్ పిల్ల పరిస్థితి సర్దుదామని, "సార్ చెయ్యి కొంచెం వణికినట్టుంది!" అని నవ్వింది. ఆ మాటతో ఆయన మొహం కందిపోయింది. బంగారు మౌస్‌ని బల్లకేసి కొట్టి, కాలరుకి మైకు ఉందన్న సంగతి కూడా మరిచిపోయి అరిచాడు.

"నా చెయ్యి బాగానే ఉంది! నేను ఒక్కసారే నొక్కాను! ఈ మౌసే రెండుసార్లు నొక్కుతోంది!"

హాలు ఒక్కసారిగా చల్లబడింది. అదే మాట. అప్పుడు మా చెల్లి అన్న మాటే. అక్కడున్న వాళ్ళకి ఆ సంగతి తెలిసిపోయింది, ఆయనకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఆ మొహం నేను చచ్చేదాకా దాచుకుంటాను.

స్టేజీ వెనక గదిలోకి పిలిపించాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాడు. "ఏం పెట్టావు ఇందులో?" అన్నాడు. మర్యాద కూడా పోయింది.

"దుకాణాల సరుకు సార్."

"పచ్చ చుక్కవాటిలో ఏం పెట్టమన్నాను నేను?"

తలుపు దగ్గర పైవాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు, బయట విలేకరులు. "గట్టిగా చెప్పండి సార్" అన్నాను. "పచ్చ చుక్కవాటిలో ఏం పెట్టమన్నారో, ఎందుకు పెట్టమన్నారో వీళ్ళకీ వినబడేలా చెప్పండి. నన్ను తీసెయ్యండి. కారణం మీరే చెప్పండి, నేనే రాసిస్తా."

ఆయన పని దొంగకి తేలు కుట్టినట్టయింది. నేను మెడలోని కార్డు తీసి ఆయన ముందు పెట్టి వచ్చేశాను. మర్నాడు సమీక్షలన్నీ ఒకటే పాట పాడాయి. తర్వాత పైవాళ్ళు "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని ఆయన గురించే అడిగారని విన్నాను.

చుంచు పేరు కూడా ఆయనతోపాటే బురదలో పడింది. నా చేతులతో పెంచిన పేరది. దానికి ఏడ్చాను, కాదనను. కానీ ఆ పేరుకీ మా చెల్లి చేతికీ మధ్య ఎంచుకోమంటే, మళ్ళీ చుక్కలు అంటిస్తాను.

కార్డు తీసి ఇచ్చేసిన ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి టీవీలో కత్తెర అరుస్తున్నాడు. "ఇది ఎన్నోసారో" అంది అమ్మ. చెల్లి రిమోట్ పట్టుకుని వెనక్కి తిప్పుతోంది, ఆయన చేత మళ్ళీ అరిపిస్తోంది. ఈ మౌసే రెండుసార్లు నొక్కుతోంది. ఈ మౌసే. రిమోట్ ఉన్నది కుడిచేతిలో. పట్టీ చెత్తబుట్టలో ఉంది.

"నువ్వు చేశావు కదే?" అంది నన్ను చూసి.

"నేనేం చెయ్యలేదు. ఆయనే చేసుకున్నాడు."

నమ్మలేదు. లేచి, స్టూలేసుకుని, అటకమీద నుంచి పాత చుంచు తీసింది. దుమ్ము దులిపి, ఎడమ బటన్ నొక్కింది, కుడి బటన్ నొక్కింది, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ నొక్కింది. కంప్యూటర్ ముందు కూర్చుంది. అమ్మా నేనూ వెనక నిలబడ్డాం.

శత్రువు కత్తి ఎత్తాడు. చెల్లి నొక్కింది. కానీ ఆలస్యమైంది. డాలు లేచేలోపే తల ఎగిరిపోయింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెల్లి తెరనే చూస్తూ కూర్చుంది. తర్వాత దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. వెనక్కి తిరిగితే నవ్వుతోంది.

"మద్దెల బాగానే ఉందే అక్కా" అంది. "ఈసారి ఆడలేనిది నేనే."